చవితి ఊరేగింపుకు సబ్ బిగించేముందు ఓమ్ లెక్క సరిచూసుకోండి

డిక్కీలో ఆంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్) కాలి కారంతా పొగ కమ్మిన వీడియోలు మళ్లీ ఫోన్లలో తిరుగుతున్నాయి. చవితి దగ్గర పడింది. ఊరేగింపు కోసం కార్లకూ బొలెరోలకూ రెండో సబ్ (బాస్ మోగించే పెద్ద స్పీకరు, సబ్‌ఊఫర్), మూడో సబ్ తగిలించే రోజులివి. మంచి వైరు కొనండి, లూజు కనెక్షన్లు వద్దు లాంటివి అందరికీ తెలిసినవే. ఆంప్‌లను ఎక్కువగా కాలుస్తున్న తప్పు మాత్రం ఒకటుంది. సబ్ మీద రాసిన ఓమ్ (కరెంటుకు స్పీకరు చూపే అడ్డు కొలత) చూసి వైరు బిగించేస్తారు, వైరింగ్ అంతా అయ్యాక ఆంప్ టెర్మినల్ దగ్గర ఎన్ని ఓమ్‌లు తేలుతున్నాయో లెక్క కట్టరు.

ఓమ్ సగమైతే అదే వోల్టేజీకి కరెంటు రెట్టింపవుతుంది. ఆంప్ తట్టుకునే కనీస లోడ్ (టెర్మినల్ దగ్గర తేలే మొత్తం ఓమ్) కంటే కిందికి దిగితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేడెక్కిపోతాయి. ఇంటి ముందు పది నిమిషాలు ట్రయల్ వేస్తే ఏమీ కాదు, పైగా బాస్ ఇంకాస్త గట్టిగా కొడుతుంది. అందుకే అంతా బాగుందనుకుంటారు. ఊరేగింపులో పరిస్థితి వేరు. బండి నడక వేగంతో కదులుతుంది, ఇంజిన్ ఐడిల్‌లో ఉంటుంది, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) పూర్తి కరెంటు ఇవ్వదు, డిక్కీలో గాలి ఆడదు, పాట మాత్రం గంటల తరబడి ఆగదు. ట్రయల్‌లో బయటపడని తప్పు అక్కడ బయటపడుతుంది.

డబుల్ కాయిల్ ఊఫర్లు

ఊఫర్ అంటే సబ్ స్పీకరే. దాని మీద 'డీవీసీ 4 ఓమ్' (డీవీసీ అంటే డ్యూయల్ వాయిస్ కాయిల్) అని ఉంటే లోపల 4 ఓమ్ కాయిల్స్ (స్పీకర్‌ను కదిలించే తీగచుట్టలు) రెండున్నాయని అర్థం. రెండు కాయిల్స్ వాడినప్పుడు ఆ ఊఫర్ 4 ఓమ్ ఇవ్వనే ఇవ్వదు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే (ప్యారలల్) 2 ఓమ్. ఒక కాయిల్ మైనస్‌ను రెండోదాని ప్లస్‌కు కలిపి, మిగిలిన రెండు కొసలు ఆంప్‌కిస్తే (సిరీస్) 8 ఓమ్. ఒక్క ఊఫర్‌తో 4 ఓమ్ కావాలంటే డీవీసీ 2 ఓమ్ కొని సిరీస్ చేయాలి.

రెండు ఊఫర్లయితే ఇంకా జాగ్రత్త. డీవీసీ 4 రెండింటినీ, కాయిల్స్‌తో సహా, మొత్తం ప్యారలల్ చేస్తే 1 ఓమ్. ఒక్కోదాని కాయిల్స్ సిరీస్ చేసి, ఊఫర్లను ప్యారలల్ చేస్తే 4 ఓమ్. అదే పని డీవీసీ 2 జతతో చేస్తే 2 ఓమ్. డీవీసీ 2 జతను మొత్తం ప్యారలల్ చేస్తే అర ఓమ్‌కు పడిపోతుంది. మామూలు కారు ఆంప్‌లు దాన్ని మోయలేవు.

బ్రిడ్జ్ చేసినప్పుడు

ఫోర్ ఛానల్ (నాలుగు వేర్వేరు అవుట్‌పుట్లున్న) ఆంప్ మీద '2 ఓమ్ స్టేబుల్' (2 ఓమ్ వరకూ తట్టుకుంటుంది) అని ఉంటే అది ఒక్కో ఛానల్‌కు. రెండు ఛానల్స్ బ్రిడ్జ్ చేస్తే, అంటే రెండింటినీ కలిపి ఒకే లోడ్‌ను నడిపిస్తే, లోడ్‌లో సగమే ఒక్కో ఛానల్‌కు కనిపిస్తుంది. అంటే బ్రిడ్జ్‌లో కనీసం 4 ఓమ్ ఉండాలి. డీవీసీ 4 కొని, ప్యారలల్ చేసి, బ్రిడ్జ్‌కు తగిలిస్తే ఒక్కో ఛానల్ మీద 1 ఓమ్ పడుతుంది. డబ్బా మీద 4 ఉంది, ఆంప్ మీద 2 ఉంది, చాలుగా అనుకుంటారు. చాలదు. సబ్ మీద రాసినది కాదు, ఆంప్ టెర్మినల్ దగ్గర తేలేది చూడండి.

మోనోబ్లాక్‌లో (ఒకే ఛానల్ ఉన్న ఆంప్‌లో) రెండు జతల స్పీకర్ టెర్మినల్స్ ఉంటే అవి రెండు ఛానల్స్ అనుకోవద్దు. చాలా మోనోబ్లాక్‌లలో అవి లోపల కలిసే ఉంటాయి. ఒక్కో జతకు 2 ఓమ్ సబ్ ఇస్తే మొత్తం 1 ఓమ్ అవుతుంది.

మీటరు పెట్టండి

సబ్ వైర్లను ఆంప్ నుంచి విప్పి, వాటి కొసల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్ చూడండి. ముందు మీటరు లీడ్లు రెండూ ఒకదానికొకటి ఆనించి, వచ్చిన అంకెను తర్వాతి కొలత నుంచి తీసేయండి. మీటరు కొలిచేది డీసీ రెసిస్టెన్స్ కాబట్టి రాసిన ఓమ్ కంటే తక్కువ చూపుతుంది: 4 ఓమ్ లోడ్‌కు సుమారు 3.2 నుంచి 3.8, 2 ఓమ్‌కు 1.6 నుంచి 1.9. మీరు 4 అనుకున్నచోట 1.7 వస్తే ఎక్కడో ప్యారలల్ అయింది. ఆంప్ ఆన్ చేయకండి.

పాట మోగేటప్పుడు ఓమ్ ఎలాగూ పెరుగుతుందిలే అని కొందరు ధైర్యం చెప్తారు. పెరిగే మాట నిజమే, కానీ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా కాదు. పోర్టు (గాలి వెళ్లే గొట్టం) ఉన్న బాక్స్‌లో, ఆ పోర్టుకు ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దగ్గర అది దాదాపు డీసీ రెసిస్టెన్స్ వరకూ దిగుతుంది. ఆ మాట నమ్మి ఆంప్ పోగొట్టుకోకండి.

ఇక మిగిలినవి:

- కాయిల్ పోలారిటీ తప్పితే రెండు కాయిల్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోన్ (స్పీకర్ ముందు కదిలే భాగం) కదలదు, కాయిల్ మాత్రం కాలుతుంది. ఒక్కో కాయిల్‌కు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తాకినప్పుడు రెండింటికీ కోన్ ముందుకే రావాలి.
- ఒక కాయిల్ వదిలేసి ఒక్కదానితో నడిపితే ఊఫర్ తట్టుకునే పవర్ సగమవుతుంది.
- 4 ఓమ్ సబ్, 2 ఓమ్ సబ్ కలిపి ప్యారలల్ చేయకండి. మొత్తం 1.33 ఓమ్‌కు దిగుతుంది, 2 ఓమ్‌దాని మీద రెట్టింపు పవర్ పడుతుంది.
- 'మ్యాక్స్' వాట్లు వదిలేయండి. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) చూడండి, అదీ మీ లోడ్ ఓమ్ దగ్గర రాసినది.
- లోడ్ మారిస్తే గెయిన్ (ఆంప్ మీద సిగ్నల్ స్థాయి సరిచేసే నాబ్) మళ్లీ సెట్ చేయాలి. సబ్ విప్పి, బాస్ బూస్ట్ తీసేసి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి ఆంప్ టెర్మినల్ దగ్గర మీటరుతో ఏసీ వోల్టులు చూడండి. 300 వాట్లకు 4 ఓమ్ మీద 34.6 వోల్టులు, 2 ఓమ్ మీద 24.5. పాత 34.6 అలాగే ఉంచి 2 ఓమ్ తగిలిస్తే అడిగేది 600 వాట్లు.
- 500 వాట్ల క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ పూర్తి లోడ్‌లో సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. చిన్న కారు 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ మీద ఇంజిన్ ఆపి నడపకండి.
- మెయిన్ ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే. అది వైరును కాపాడేది, తప్పు ఓమ్ నుంచి ఆంప్‌ను కాపాడదు.
- ఫ్యూజు పోయిందని పెద్దది వేయొద్దు. తీగ చుట్టొద్దు.
- అల్యూమినియం మీద రాగి పూత వైరైతే ఒక సైజు పెద్దది తీసుకోండి.
- ఎర్త్ (ఆంప్ మైనస్ వైరు కారు బాడీకి బిగించే చోటు) దగ్గర పెయింట్ గీకండి. సీటు బెల్టు బోల్టుకు బిగించొద్దు.
- ఆంప్‌ను సబ్ బాక్స్ మీద బిగించొద్దు. కార్పెట్ కింద దాచొద్దు. మీద పూలదండలు, జెండాలు వేయొద్దు.
- ప్రొటెక్ట్ లైటు (ఆంప్ మీద ఉండే ప్రమాద హెచ్చరిక లైటు) వెలిగితే ఆపేయండి. ఆఫ్ చేసి ఆన్ చేసి మళ్లీ వాల్యూమ్ పెంచొద్దు. వైర్లు విప్పి ఓమ్ చూడండి.
- ఊరేగింపు మధ్యలో పక్క బండి సబ్ తెచ్చి అదే టెర్మినల్‌కు కలపొద్దు. ఎవరు అడిగినా వద్దు. కలపాల్సిందే అంటే ముందు ఆంప్ ఆపి, వైర్లు విప్పి, కొత్త మొత్తం ఎన్ని ఓమ్‌లో మీటరుతో చూసి, అప్పుడు నిర్ణయించండి.
- కాలిన వాసన వస్తే మొదట ఇంజిన్ ఆపండి, పిల్లల్ని దింపండి, బ్యాటరీ మైనస్ తీయండి.