యాక్సిలరేటర్ నొక్కితే స్పీకర్లలో కూత: ముందు ఎర్త్ బోల్టు చూడండి

కారులో కొత్తగా యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టించిన వాళ్ల నుంచి నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఒకటే. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పాట శుభ్రంగా వినిపిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో ఈలలాంటి సన్నని కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ ఆ కూత శ్రుతి పెరుగుతుంది, కాలు తీస్తే దిగుతుంది, సౌండ్ పూర్తిగా తగ్గించినా పోదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద టైర్ల మోతలో అది కలిసిపోతుంది కానీ, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర అద్దాలు ఎత్తుకుని ఆగినప్పుడు చెవి పక్కన దోమలా వేధిస్తుంది.

ఈ లక్షణంతో నేను చూసిన కార్లలో చాలావాటికి యాంప్లిఫయర్, స్టీరియో, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే భాగం) మూడూ బాగానే ఉన్నాయి. లోపమల్లా డిక్కీలో కార్పెట్ కింద, ఎర్త్ వైరు (యాంప్లిఫయర్ వాడిన కరెంటును కారు బాడీ గుండా బ్యాటరీకి తిప్పి పంపే వైరు) బిగించిన ఒక్క బోల్టు దగ్గర ఉంది. ఆ బోల్టు చూడకుండానే నాయిస్ ఫిల్టర్లు, ఖరీదైన ఆర్‌సీఏ కేబుళ్లు (స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కు పాటను మోసే కేబుళ్లు), చివరికి మరో యాంప్లిఫయర్ కూడా కొన్నవాళ్లను చూసి బాధ కలిగి ఇది రాస్తున్నాను.

ముందు ఛార్జర్ పీకండి

ఫోను ఛార్జింగ్‌లో ఉండగా ఆక్స్ కేబుల్‌తో పాటలు వింటున్నట్లయితే, ముందు ఛార్జర్ పీకి చూడండి. కూత పోతే సమస్య ఛార్జర్‌దే. మంచి ఛార్జర్ పెట్టుకోండి, లేదా బ్లూటూత్‌లో వినండి. ఈ ఒక్క పని చేయకుండా సీట్లు విప్పిన వాళ్లు కూడా ఉన్నారు. సౌండ్ పెంచితే కూత కూడా పెరుగుతున్నట్లయితే అది స్టీరియోలోకి, అంటే ఫోను వైపు నుంచి, ప్రవేశిస్తోందని అర్థం. సౌండ్‌తో సంబంధం లేకుండా ఒకే స్థాయిలో ఉంటే అది స్టీరియో తర్వాతి భాగంలో కలుస్తోంది. మనం మాట్లాడుకుంటున్నది ఈ రెండో రకం గురించి.

కూత ఎక్కడ పుడుతుంది

ఆల్టర్నేటర్ నిజానికి మూడు ఫేజుల ఏసీ కరెంటునే తయారుచేస్తుంది. దానిలోని డయోడ్లు ఆ కరెంటును డీసీగా మారుస్తాయి, అయితే కొద్దిపాటి అల మిగిలిపోతుంది. ఆల్టర్నేటర్ బెల్టు ఇంజిన్‌తోనే తిరుగుతుంది కాబట్టి ఇంజిన్ వేగం పెరిగితే ఆ అల వేగం కూడా పెరుగుతుంది. మనకు వినిపించే శ్రుతి మార్పు అదే. ఈ అల ప్రతి కారులోనూ ఉంటుంది, కనుక వెతకవలసింది అది పాటలోకి ఏ దారిన వస్తోందో.

స్టీరియోకు ఎర్త్ డ్యాష్‌బోర్డు వెనుక ఉంటుంది, యాంప్లిఫయర్‌కు ఎర్త్ డిక్కీలో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే ఇంకో దారి ఆర్‌సీఏ కేబుల్ లోపల సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు పైతొడుగు. డిక్కీ ఎర్త్ గట్టిగా ఉన్నంతకాలం బ్యాటరీకి తిరిగి వెళ్లవలసిన కరెంటు బాడీ రేకు గుండానే వెళ్తుంది. అక్కడ పట్టు సడలితే అందులో కొంత భాగం ఆ సన్నని పైతొడుగును పట్టుకుంటుంది. పాట కూడా అదే కేబుల్‌లో ప్రయాణిస్తున్నందున ఆల్టర్నేటర్ అల పాటతో కలిసి యాంప్లిఫయర్‌లోకి చేరుతుంది. ఇది చెవికి ఇబ్బందితో ఆగేది కాదు, ఎర్త్ పూర్తిగా ఊడిపోతే ఆ కరెంటంతా పైతొడుగు మీద పడి స్టీరియో లోపలి సర్క్యూటును కాల్చేయగలదు.

ఆర్‌సీఏ పీకితే కూత పోయిందా? అక్కడే మోసపోతాం

చాలామంది చేసే పరీక్ష ఇది: అన్నీ ఆఫ్ చేసి, యాంప్లిఫయర్ నుంచి ఆర్‌సీఏ పీకి, మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. కూత పోతుంది. దాంతో తప్పు కేబుల్‌దని, లేదా స్టీరియోదని తీర్మానిస్తారు. నిజానికి ఆర్‌సీఏ పీకితే కరెంటు పట్టుకున్న ఆ పైతొడుగు దారి తెగుతుంది, అంతే. ఎర్త్ లోపం అలాగే ఉంటుంది. నేనూ అలాగే తీర్మానించి మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాను.

అది నా మిత్రుడి పాత హ్యాచ్‌బ్యాక్. 2020 అక్టోబరు వరదల్లో టోలిచౌకిలో వాళ్ల సెల్లార్‌లోకి నీళ్లు వచ్చినప్పుడు సీట్ల దాకా మునిగింది. ఆ తర్వాత ఏడాదికి సబ్‌వూఫర్ పెట్టుకున్నాడు, కూత మొదలైంది. ఆర్‌సీఏ పీకితే పోయింది. కేబుల్ మార్చాను, మళ్లీ వచ్చింది. నా కారులోని స్టీరియో విప్పి అతని కారులో పెట్టాను, అప్పుడూ వచ్చింది. ఎర్త్ సంగతి నాకు గుర్తుకు రాలేదని కాదు. వెనుక సీటు బ్రాకెట్ మీద రంగు గీకి లగ్గు (వైరు చివర ఉండే లోహపు రింగు) బిగించింది నేనే, అది తళతళలాడుతూ కనిపిస్తోంది. నాతోపాటు చూసిన రాణిగంజ్ ఎలక్ట్రీషియన్ కూడా మల్టీమీటర్ పెట్టి, "ఎర్త్ మంచిగనే ఉందన్నా, బీప్ కొడుతుంది గదా" అన్నాడు. ఇద్దరం కలిసి ఆల్టర్నేటర్‌ను అనుమానించి, దానిని విప్పించి పరీక్ష చేయించాము. అందులో ఏ లోపమూ లేదు.

ఆ బీప్‌ను నమ్మడమే మా పొరపాటు. మల్టీమీటర్ తన బ్యాటరీ నుంచి అతి కొద్ది కరెంటును మాత్రమే పంపి రెసిస్టెన్స్ చూస్తుంది, పైగా దాని వైర్లకే 0.2 నుంచి 0.3 ఓమ్ దాకా ఉంటుంది. మనల్ని వేధించే లోపం 0.02 ఓమ్ ఉన్నా చాలు. 500 వాట్ల క్లాస్ డి యాంప్లిఫయర్ పూర్తి శక్తితో మోగేటప్పుడు సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. 0.02 ఓమ్ గుండా 45 ఆంపియర్లు వెళ్తే 0.9 వోల్టు అక్కడే పోతుంది. అంత చిన్న రెసిస్టెన్స్ మామూలు మీటరు కంటికి కనపడదు, అది పోగొట్టే వోల్టేజీ మాత్రం స్పష్టంగా కనపడుతుంది. కనుక ఎర్త్‌ను కరెంటు పారుతుండగానే కొలవాలి.

మూడో ఆదివారం అలాగే కొలిచాను. బేస్ పడిన ప్రతిసారీ మీటరు 0.8 వోల్టు దాకా ఎగిరింది. బ్రాకెట్ విప్పి చూస్తే కారణం బయటపడింది. నేను రంగు గీకింది బ్రాకెట్ పైభాగాన. బ్రాకెట్ అడుగున, అది బాడీ మీద కూర్చునే చోట, కంపెనీ వేసిన బూడిదరంగు ప్రైమర్ అలాగే ఉంది, దాని అంచు చుట్టూ వరదనీటి తుప్పు గోధుమరంగు గీతలా పాకింది. కరెంటంతా తుప్పు పట్టిన రెండు మరల గుండానే వెళ్తోంది.

కొలిచే పద్ధతి

మల్టీమీటర్‌ను డీసీ వోల్టేజీలో తక్కువ రేంజి మీద ఉంచండి. నల్లటి ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ పోస్టు సీసం మీదే పెట్టాలి, దాని మీది క్లాంపు మీద కాదు. అక్కడి నుంచి డిక్కీ దాకా ఒక పొడవాటి వైరు అవసరమవుతుంది. ఎర్రటి ప్రోబ్‌ను యాంప్లిఫయర్ ఎర్త్ టెర్మినల్ మరమీద ఉంచండి. ఇంజిన్ ఆన్ చేసి, 50 హెర్ట్జ్ టోన్‌ను ఫోనులో నుంచి కొన్ని సెకన్లపాటు మాత్రమే, ఒక మోస్తరు సౌండులో మోగించండి. పాట పెడితే అంకెలు ఎగురుతూ ఉంటాయి, చదవడం కష్టం.

0.1 వోల్టు లోపల ఉంటే ఎర్త్ బాగున్నట్టు. 0.2 దాకా సరిపెట్టుకోవచ్చు. 0.5 దాటితే ఇంకేమీ కొనవద్దు, లోపం దొరికినట్లే. ఇప్పుడు ఎర్రటి ప్రోబ్‌ను ఒక్కో అడుగు వెనక్కి జరపండి: టెర్మినల్ మర, లగ్గు, బోల్టు తల, బోల్టు పక్కనే గీకిన బాడీ రేకు, ఇంజిన్ గదిలో బాడీ రేకు, చివరగా బ్యాటరీ క్లాంపు. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, లోపం దానికీ అంతకుముందు ముట్టుకున్న చోటుకూ మధ్యలో ఉంది. డిక్కీలో అంతా బాగుండి ఇంజిన్ గదిలోనే వోల్టేజీ పోతుంటే, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి వెళ్లే కంపెనీ వైరు పక్కన ఇంకొక మందపాటి వైరు వేయవలసి ఉంటుంది.

సరిచేసే పద్ధతి

ముందు బ్యాటరీ నెగటివ్ క్లాంపు తీసేయండి. ఎర్త్‌ను బ్రాకెట్ల మీద, అతుకు ముక్కల మీద కాక, బాడీకి వెల్డింగ్‌తో ఏకమైన మందపాటి రేకు మీద తీసుకోవాలి. సీటు బెల్టు బోల్టును దీనికోసం ఎప్పుడూ వాడవద్దు, అది ప్రాణాలు కాపాడే బోల్టు. కొత్తగా రంధ్రం వేయవలసి వస్తే, కారు కిందకి వంగి పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపు ఎక్కడున్నాయో కళ్లారా చూసుకున్నాకే డ్రిల్లు పట్టుకోండి.

రెండు రూపాయల నాణెమంత మేర రంగును, ప్రైమర్‌ను ఎమరీ పేపర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకాలి. బోల్టుకు సరిపడా రంధ్రం ఉన్న లగ్గును సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. వైరు పోగులు మెలేసి బోల్టుకు చుట్టడం ఎర్త్ కాదు. పళ్లున్న స్టార్ వాషర్ వేసి గట్టిగా బిగించాక, అతుకు పైన రంగు గానీ గ్రీజు గానీ పూయండి, వానాకాలం తేమ లోపలికి పోదు. ఎర్త్ వైరు పవర్ వైరంత మందం ఉండాలి, అరమీటరు దాటకూడదు. రెండు యాంప్లిఫయర్లుంటే రెండింటి ఎర్త్‌నూ ఒకే చోట బిగించండి.

వైరు కొనేటప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూత వేసిన అల్యూమినియం, రాగి మోసే కరెంటులో సుమారు మూడింట రెండు వంతులే మోస్తుంది. దానిని వాడక తప్పకపోతే ఒక సైజు మందం పెంచుకోండి.

బ్యాటరీ నెగటివ్ మీద చిన్న సెన్సార్ ఉన్న కొత్త కార్లలో ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ పోస్టుకు కలపవద్దు. అలా కలిపితే యాంప్లిఫయర్ వాడే కరెంటు ఆ సెన్సార్ లెక్కలోకి రాదు, ఛార్జింగ్ అంచనా తప్పుతుంది. బాడీకే బిగించండి.

నా మిత్రుడి కారులో చేసింది ఇంతే. తర్వాత కొలిస్తే 0.06 వచ్చింది, కూత ఆ క్షణం నుంచి లేదు.

మిగిలిన కారణాలు

యాంప్లిఫయర్ మీది గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే మర) చివరిదాకా తిప్పి ఉంటే ఎంత మంచి ఎర్త్ ఉన్నా సన్నని సొద వినిపిస్తుంది, తగ్గించండి. ఆర్‌సీఏ, పవర్ వైర్లు ఒకే వైపు నుంచి పక్కపక్కన వెళ్తుంటే చెరోవైపుకు మార్చండి. కొన్ని స్టీరియోలలో ఆర్‌సీఏ ఎర్త్ దారిలోని సన్నని ఫ్యూజు కాలిపోతుంది: ఆర్‌సీఏ పైతొడుగును ఒక వైరుతో స్టీరియో బాడీకి తాకిస్తే కూత పోతుందంటే అదే. ఆల్టర్నేటర్ డయోడ్ పోవడం అరుదు: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఏసీ వోల్టేజీ 0.5 దాటితేనే అనుమానించండి. ఎలక్ట్రిక్ కార్లలో ఆల్టర్నేటరే లేదు, అక్కడ కూత వస్తే 12 వోల్టుల వైపు మాత్రమే వెతకండి, నారింజ రంగు వైర్ల జోలికి పోవద్దు.

పని షాపులో చేయిస్తున్నట్లయితే, కార్పెట్ మూయకముందే 50 హెర్ట్జ్ టోన్ పెట్టించి ఎర్త్ వోల్టేజీ మీ ఎదుటే కొలవమని అడగండి. మీటరు 0.1 లోపల చూపించాకే బిల్లు చెల్లించండి.