నిలబెడితే పొడిగా ఉంటుంది, నడిపితే ఓడలో నీళ్లు

సమస్య: సొంతంగా కట్టిన రెండు మీటర్ల రిమోట్ ఓడ. తొట్టిలో గంటసేపు ఉంచినా లోపల చుక్క నీరు లేదు. చెరువులో 20 నిమిషాలు నడిపి పైకి తీస్తే వెనుక అరలో గ్లాసుడు నీళ్లు.

ఆ తొట్టి పరీక్ష పూర్తి బరువుతో చేశారా? నన్ను అడిగిన వాళ్లలో దాదాపు ఎవరూ చేయలేదు. మన నేవీ ఐఎన్‌ఎస్ ఢిల్లీ పొడవు 163 మీటర్లు, బరువు సుమారు 6,700 టన్నులు. 1:72 స్కేలులో, అంటే 72వ వంతు సైజులో, కడితే 2.26 మీటర్లు వస్తుంది, బరువును మాత్రం 72 × 72 × 72తో భాగించాలి, అంటే 18 కిలోలు. ఒట్టి హల్ (ఓడ బయటి డొల్ల) అయిదారు కిలోలే ఉంటుంది. ఖాళీగా తేలినప్పుడు కారే చోటు దాకా నీరే రాదు, ఇంకేం తెలుస్తుంది? టెర్రస్ మీద ఇటుకలు పేర్చి టార్పాలిన్ పరిచి నీళ్లు నింపండి, బ్యాటరీలు, సీసం అన్నీ పెట్టి అప్పుడు చూడండి.

అప్పుడూ పొడిగానే ఉంటే చుక్కాని గొట్టం, అంటే చుక్కాని కడ్డీ హల్ లోపలికి వచ్చే గొట్టం, చూడండి. నన్ను ఏడిపించింది ఇదే. గొట్టం అడుగున తడి కనిపించింది, అతుకు ఊడిందనుకుని రెండుసార్లు గీకి రెసిన్ పోశాను, మూడోసారీ అదే తడి. చివరికి గొట్టం పై అంచుకి, అడుగుకి విడివిడిగా టిష్యూ పేపర్ చుట్టి నడిపాను. ముందు తడిసింది పైది! నీరు గొట్టం లోపల నుంచి ఎక్కి, పై అంచు మీదుగా పొర్లి, బయటి గోడ వెంట జారి అడుగున చేరుతోంది. నిలబడి ఉన్నప్పుడు ఆ అంచు నీటిమట్టానికి అర సెంటీమీటరు పైన ఉంది కాబట్టి కారలేదు. వేగం పెంచితే వెనుక భాగం కిందకి కుంగుతుంది, రివర్స్‌లో నీరు ఎదురొచ్చి ఎగబాకుతుంది, ఆ అర సెంటీమీటరు ఏ మూలకి?

కొలవడానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. ఓడను తేలే వాలులోనే స్టాండు మీద పెట్టి, ఒక కొసను బయట నీటిగీతకి, రెండోది లోపల గొట్టం పక్కన పట్టుకోండి. అంచు కనీసం మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి.

లేకపోతే పాత గొట్టం మీద బిగుతుగా ఎక్కే ఇత్తడి గొట్టం తెచ్చుకోండి, సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో పాత ముక్క చూపించి అడగండి. రెండూ ఎమెరీ పేపరుతో రుద్ది, రెండు సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా ఎపాక్సీతో అతికించండి. టంకం వద్దు, ఆ వేడికి గొట్టం ఫైబర్ హల్‌కి కలిసే చోటి అతుకు వదులవుతుంది. చుక్కాని కడ్డీ కూడా పొడవుది వేయాలి, సర్వోని (చుక్కాని తిప్పే చిన్న మోటారుని) అదే ఎత్తుకి లేపాలి. డెక్ అడ్డొచ్చి అంత ఎత్తు కుదరకపోతే పైన ఓ-రింగ్ (చిన్న రబ్బరు రింగ్) వేసి గ్రీజు పెట్టండి, కానీ దాన్ని అప్పుడప్పుడు మారుస్తూ ఉండాలి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టంలో గ్రీజు ఎండినా నీరు వస్తుంది, మళ్లీ నింపితే సరి. హల్ పగుళ్లు, డెక్ మూత సందులు ఆఖర్న చూసుకోవచ్చు.