ఊలు అల్లిక – ఐదో పాఠం: కొనే ముందు తూకం, నేర్పేటప్పుడు పక్కన చోటు

గత పాఠంతో అల్లికకు మూలమైన నిట్, పర్ల్ కుట్లు రెండూ మీ చేతికి వచ్చాయి. ఊలు కొనే అలవాటు పట్టుకునేది సరిగ్గా ఈ దశలోనే. దుకాణంలో నెమలికంఠం రంగు కనబడగానే రెండు ఉండలు, తగ్గింపు ధర అనగానే ఇంకో నాలుగు. రెండు ఉండలతో పెద్దవాళ్ల స్వెటర్ రాదు. కొన్నాళ్లకు వెళ్తే అదే రంగు దొరకదు. అందుకే ఈ వారం కొత్త కుట్టు ఏదీ నేర్పడం లేదు. ఊలును లెక్కగా కొనడం, కొన్నదాన్ని ఇంట్లో మరో జత చేతులకు అందించడం, ఇవే పాఠం.

ముందు బీరువాలో ఉన్నదంతా మంచం మీద పరవండి. లేబుల్ ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. లేబుల్ మీద బరువు, దారం రకం, సూది నంబరు, లాట్ నంబరు ఉంటాయి. మన దుకాణాల్లో ఇప్పటికీ పాత బ్రిటిష్ సూది నంబర్లే ఎక్కువ వాడుకలో ఉన్నాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లు.

లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే సంఖ్యను మాత్రం కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. రంగు పేరు ఒకటే అయినా, రెండు వేర్వేరు లాట్లు కలిస్తే స్వెటర్ మధ్యలో గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. దుకాణం గొట్టపు దీపం కింద అది కనబడదు, వాకిట్లోకి తెచ్చి చూడండి. తప్పనిసరిగా రెండు లాట్లు కలపాల్సి వస్తే రెండు వరుసలు ఒకదానితో, రెండు వరుసలు మరోదానితో మార్చి మార్చి అల్లండి. తేడా బట్టంతా పరుచుకుని కంటికి ఆనదు.

లేబుల్ లేని దారం ఏ రకమో తేల్చాలంటే చిన్న ముక్కను పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె మీద కాల్చి చూడండి. అసలైన ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. నూలు కాగితం కాలిన వాసన వేస్తుంది. అక్రిలిక్ అనే కృత్రిమ దారం కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పురుగు పట్టేది అసలైన ఊలుకే కాబట్టి దాన్ని వేరే డబ్బాలో మూత బిగించి ఉంచండి.

ఇక తూకం. ఈ ఒక్క లెక్క వస్తే అనవసరపు కొనుగోళ్లు సగానికి సగం ఆగిపోతాయని నా నమ్మకం. ఎంచుకున్న దారంతో, ఎంచుకున్న సూదులతో 15 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లి, గ్రాముల్లో చూపే చిన్న త్రాసు మీద పెట్టండి. 9 గ్రాములు తూగిందనుకుందాం. ముక్క వైశాల్యం 225 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 0.04 గ్రాములు. 20 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవు మఫ్లర్ 3,000 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి 120 గ్రాములు. మొదటి అంచుకు, చివరి ముడులకు పదో వంతు కలిపితే 132 గ్రాములు. 50 గ్రాముల ఉండలు మూడు చాలు. అదే దారంతో 46 సెంటీమీటర్ల చుట్టుకొలత, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పిల్లల టోపీకి సుమారు 37 గ్రాములే పడతాయి. ఒంటరిగా మిగిలిన ఉండ దానికి సరిపోతుంది.

ఎవరికి అల్లుతున్నారో తేలాకే కొత్త ఊలు కొనండి. విజయవాడ ఎండల్లో తిరిగే పాపకు అక్రిలిక్ ఒంటికి చెమట పట్టిస్తుంది. నూలు కొనండి, అయితే అదే కొలతకు నూలు బరువెక్కువ పడుతుంది గనుక ముక్కను మళ్లీ తూచండి. షికాగోలో ఉన్న మనవడికైతే ఊలే మేలు. కానీ అక్కడ ఉతుకు యంత్రంలోనే, అందుకని లేబుల్ మీద యంత్రంలో ఉతకవచ్చని రాసి ఉన్నదే తీసుకోండి. మామూలు ఊలు యంత్రంలో ముడుచుకుని అట్ట కడుతుంది.

బీరువాలో తేలిన మిగులును ఇంట్లోవాళ్లకు నేర్పడానికి ఖర్చు చేయండి. పిల్లలకు లేత రంగు, నునుపైన 8 ప్లై (మధ్యస్థపు మందం) దారం, 4.5 మిల్లీమీటర్ల సూదులు ఇవ్వండి. ముదురు నీలంలో కుట్లు కనబడవు. మొదటి పదిహేను కుట్లు మీరే ఎక్కించి, రెండు వరుసలు మీరే అల్లి ఇవ్వండి. ఎదురుగా కాదు, పక్కన కూర్చోండి. మీ చేయి కదిలిన దిక్కుకే వాళ్ల చేయీ కదలాలి.

నాలుగు వరుసలు అయ్యేసరికి పదిహేను కుట్లు పద్దెనిమిది అవుతాయి, పిల్ల కంగారు పడుతుంది. అప్పుడు వరుస మొదట్లో చూడండి. దారం సూది మీదుగా వెనక్కి వెళ్లి ఉంటుంది. దాంతో మొదటి కుట్టు పైకి లాగబడి, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా నిలబడతాయి. పిల్ల ఆ రెండింటినీ అల్లేస్తుంది. దారాన్ని కిందికి లాగి, సూది కింది నుంచి వెనక్కి తీసుకెళ్లమని చూపించండి. విప్పి మళ్లీ మొదలుపెట్టమని మాత్రం అనకండి. తప్పు కనబడే ఆ ముక్కను అలాగే దాచండి.

అమ్మమ్మలు, అత్తగార్ల విషయం వేరు. నరసాపురం చుట్టుపక్కల క్రోషే, అంటే ఒకే కొక్కెం సూదితో చేసే లేసు అల్లిక తరతరాలుగా తల్లి నుంచి కూతురికి వస్తున్న పని. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది. అలాంటి ఇంటి పెద్దావిడకు నేను రెండో పాఠంలో చెప్పిన, దారాన్ని కుడి చేత్తో పట్టుకునే పద్ధతి చెప్పకండి. క్రోషే అల్లేవారు దారాన్ని ఎడమ చేతి వేళ్లకు చుట్టుకుంటారు. నిట్టింగ్‌లోనూ దారాన్ని ఎడమ చేతిలోనే ఉంచి, కుడి సూది మొనతో లాక్కునే పద్ధతి ఉంది. మా అత్తయ్యకు అలా చూపిస్తే, దారం బిగువు ఎలా ఉంచాలో నేను చెప్పాల్సిన పనే రాలేదు. ఆవిడ వరుసలు నావాటికంటే సమంగా వచ్చాయి. దానికి బదులు లేసు అంచు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో పిల్లల టోపీ నేను అల్లితే అంచు ఆవిడ వేస్తారు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లోని ఊలంతా తూచి, దారం రకం, లాట్ నంబరు, గ్రాములు ఒక నోటుపుస్తకంలో రాయండి. 40 గ్రాములకు పైగా ఉన్న ఒక ఉండతో నమూనా ముక్క అల్లి తూచండి. వచ్చే పాఠంలో ఆ లెక్కతోనే టోపీకి కుట్లు ఎక్కిద్దాం.