ఫోను మోగితే లేచి నిలబడండి

కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగమా? ఫోను మోగగానే లేవండి, మాట్లాడినంతసేపూ చురుగ్గా నడవండి. చోటు లేకపోతే నిలబడిన చోటే మడమలు ఎత్తి దించుతూ ఉండండి. పిక్కల కండరాలు బిగిసినప్పుడల్లా కాళ్లలోని రక్తాన్ని పైకి, గుండె వైపు నెడతాయి. గంటల తరబడి కదలకపోతే ఆ పని మందగిస్తుంది, సాయంత్రానికి పాదాలు బరువెక్కుతాయి.

బల్ల మీద పెద్ద నీళ్ల సీసా బదులు చిన్న గ్లాసు పెట్టుకోండి, దాహమే లేపుతుంది. అలారాలను నేను నమ్మను, రెండో రోజుకే నొక్కి ఆపేస్తాం.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలన్న పాత నిబంధనను 2020లో తీసేసింది కాబట్టి, ఈ ముక్కలు ముక్కల నడకా లెక్కలోకి వస్తుంది.