మేత వేస్తున్నా చేప పెరగట్లేదా? ఇంకో బస్తా విప్పకముందే ఇవి చూడండి

మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు ఉండటంతో మనకు తవుడు తేలిగ్గా దొరుకుతుంది, అందుకే చేప బరువు రాలేదంటే ఇంకో బస్తా వేసేస్తాం. హాలియా దగ్గర మా చెరువులో మొదటి ఏడాది నేనూ అదే చేశాను. చేప పెరగలేదు, నీళ్లు మాత్రం చెడిపోయాయి.

సమస్య: తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

ఆక్సిజన్ తగ్గింది. మిగిలిన మేత అడుగున కుళ్లుతూ దాన్ని లాగేస్తుంది, నీళ్లు చిక్కటి పచ్చగా ఉంటే అందులోని నాచు కూడా రాత్రంతా వాడుకుంటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు హాయి, 3 కంటే దిగితే మేత సరిగా తినదు, తిన్నా ఒంటికి పట్టదు.

ఆ రోజు మేత ఆపేయండి. ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) వేయండి, లేకపోతే మోటారు పైపు ఎత్తులో కట్టి నీళ్లు చిమ్మేలా వదలండి. తర్వాత చెయ్యి మోచేతి దాకా ముంచాలి, అంతకుముందే అరచెయ్యి కనపడకుండా పోతే పచ్చదనం ఎక్కువైనట్టే, పేడ, ఎరువులు ఆపి కొంత నీళ్లు మార్చండి. మబ్బు పట్టిన రోజు మేత సగమే చాలు.

సమస్య: ఎంత వేయాలో తెలియట్లేదు

నెలకోసారి వల లాగి ఓ యాభై చేపలు తూచండి, చెరువులో మొత్తం చేప బరువు అంచనా వేసి 100 కిలోలకు రోజుకు 2-3 కిలోల మేత లెక్క పెట్టుకోండి. అంతకన్నా నమ్మకమైంది సంచి. చిల్లులు పొడిచి కర్రకు కట్టిన మేత సంచిని రెండు గంటలయ్యాక ఎత్తి లోపల చెయ్యి పెట్టండి. అడుగున జిగటగా ముద్ద తగిలిందా, చేతికి పుల్లటి వాసన అంటిందా, మర్నాడు ఆ మేరకు తగ్గించాల్సిందే.

సమస్య: రవ్వ చేప (రోహు) పెరుగుతోంది, బొచ్చె (కట్ల) ఆగిపోయింది

బొచ్చె పైపొరలో తిరుగుతూ నీళ్లలోని సన్నటి పురుగుల్ని ఎక్కువ తింటుంది. పిల్ల వేసేటప్పుడే బొచ్చె ఎక్కువైతే అవి చాలవు.

సమస్య: చేపలు కర్రలకు ఒళ్లు రాసుకుంటున్నాయి

ఒకదాన్ని పట్టి చూడండి. పొలుసుల మీద బల్లపరుపుగా, గాజులా మెరిసే చుక్కలు కదులుతుంటే అది చేప పేను. చెరువులో వెదురు కర్రలు పాతితే వాటి మీద గుడ్లు పెడుతుంది, వారానికోసారి పీకి ఎండలో బాగా ఆరబెట్టి మళ్లీ పాతండి. మందు మాత్రం పక్క రైతు చెప్పిన మోతాదులో పోయొద్దు, మీ చెరువు లోతు, విస్తీర్ణం కొలిచి మత్స్యశాఖ వాళ్లను అడిగాకే.