అక్టోబరులో గులాబీ కొమ్మలు కత్తిరించే ముందు

వానలు నిజంగా తగ్గాయా అని ముందు చూడండి. హైదరాబాద్‌లో అక్టోబరు రెండో వారం అనువైనది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే మొదలవుతాయి, కాబట్టి అక్కడ తొందర వద్దు. తడి గాయంలోంచే ఎండుకొమ్మ తెగులు దిగుతుంది.

– మొద్దు కత్తెర కొమ్మను కోయదు, నలిపేస్తుంది. పదును పెట్టించండి. ఒక మొక్క అయ్యాక బ్లేడును స్పిరిట్‌తో తుడిచాకే రెండోదాని దగ్గరికి వెళ్లండి.

– బయటివైపు చూసే చిగురు మొగ్గకు అర సెంటీమీటరు పైన, ఏటవాలుగా కోయాలి. లోపలి బెండు గోధుమ రంగులో కనిపిస్తే తెల్లగా వచ్చేదాకా కిందికి కోస్తూ వెళ్లండి. జాలి పడితే తెగులు మొదలుదాకా పాకుతుంది.

– అంటుకు (గులాబీని వేరే మొక్క మొదలుకు కలిపిన చోటుకు) కింద లేచిన పిలకలు మీ గులాబీవి కావు, ఆ వేరుమొక్కవి. మొదలంటా లాగేయండి.

– కోతలకు పూయడానికి బోర్డో పేస్టు అదే రోజు కలుపుకోండి: 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల సున్నం, మొత్తం లీటరు నీళ్లు. రెండూ విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోయాలి. ఇనుప డబ్బా వద్దు, మైలుతుత్తంలోని రాగి ఇనుముకు పట్టి మందు పాడవుతుంది.

కత్తెర చేతిలో ఉంది కదా అని పక్కనున్న మామిడి జోలికి పోకండి. ఇప్పుడు కోస్తే చిగురే వస్తుంది, ఆ కొమ్మకు ఈ ఏడు పూత ఉండదు.