ఫోటోల ఫోల్డర్ రోజురోజుకీ మొరాయిస్తోందా?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక స్టూడియో. పాత కంప్యూటర్‌లో ఉబుంటు (ఒక రకం లినక్స్) వేసి, సాంబాతో (లినక్స్ ఫోల్డర్లను విండోస్‌కి పంచే సాఫ్ట్‌వేర్) ఒక ఫోల్డర్ షేర్ చేశాను. ఎడిటింగ్ చేసే విండోస్ సిస్టమ్‌లన్నీ అందులోకే ఫోటోలు పంపుతాయి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను పండగ, ఆ వెనకే పెళ్లిళ్లు. ఫైళ్లు లక్షలు దాటాయి. ఒక్క ఫోటో సేవ్ కావడానికి కూడా ఆగాల్సి వస్తోంది. "బాబూ, ఇది పాతదైపోనాది, కొత్తది కొనీమంటావేటి?" అన్నాడు ఓనరు.

కొనక్కర్లేదు. ముందు జబ్బేదో చూడాలి.

ఉన్న ఫోటో వెంటనే తెరుచుకుంటుంది, కొత్తది సేవ్ చేస్తేనే ఆలస్యం

అనుమానం సాంబా మీదే. విండోస్‌కి పేర్లలో పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా లేదు, లినక్స్‌కి ఉంది. కొత్త ఫైలు రాసే ముందు అదే పేరు ఇంకే రూపంలోనూ లేదని సాంబా తేల్చుకోవాలి. ఊళ్లో అప్పలరాజు ఉన్నాడని చెప్పడానికి ఒక్క ఇల్లు చాలు. లేడని చెప్పాలంటే ఇల్లిల్లూ తిరగాలి (మన వైపు అప్పలరాజు లేని ఊరుంటుందా అన్నది వేరే సంగతి!). సాంబా కూడా ప్రతి కొత్త ఫైలుకీ ఫోల్డర్ మొత్తం తిరుగుతుంది.

పరిష్కారం: సాంబా సెట్టింగుల ఫైల్లో ఆ షేర్ కింద 'కేస్ సెన్సిటివ్' యెస్ అనీ, 'డిఫాల్ట్ కేస్' లోయర్ అనీ, 'ప్రిజర్వ్ కేస్', 'షార్ట్ ప్రిజర్వ్ కేస్' రెండూ నో అనీ పెట్టి సాంబాని రీస్టార్ట్ చేయండి. అయితే అంతకంటే ముందు ఉన్న ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడి అక్షరాల్లోకి మార్చాలి. కెమెరాలు పేర్లు పెద్దబడిలోనే ఇస్తాయి కదా. నేనొకసారి అది మరిచిపోయాను. ఫైళ్లు డిస్కులో భద్రంగానే ఉన్నాయి గానీ విండోస్‌లో ఒక్కటీ తెరుచుకోలేదు. ఓనరు టెన్షన్ చూసి నాకు చెమటలు పట్టాయి.

పాతవన్నీ తీసేసినా స్పీడు రాలేదు

ఎక్స్‌టీ4లో (లినక్స్ డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఫైళ్లు పెరిగేకొద్దీ ఫోల్డర్ తాలూకు పేర్ల పట్టీ కూడా పెరుగుతుంది. ఫైళ్లు తీసేస్తే పట్టీలో ఖాళీలు పడతాయే తప్ప అది చిన్నదవదు. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండుకు ఎల్, డీ ఆప్షన్లిచ్చి ఆ ఫోల్డర్ సైజు చూడండి. మామూలుగా 4096 బైట్లు ఉండాల్సింది మెగాబైట్లలో కనిపిస్తే ఇదే కారణం.

అందరి చేతా పని ఆపించి, పక్కనే కొత్త ఫోల్డర్ తెరిచి, మిగిలిన ఫైళ్లను అందులోకి జరపండి. డిస్కు అదే కాబట్టి ఫోటోలు కాపీ కావు, పేర్లే మారతాయి. పర్మిషన్లు సరిచూసుకుని, పాతది తీసేసి, దాని పేరే కొత్తదానికి పెట్టండి. డిస్కును అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి), డిస్కును సరిచూసే ఈ2ఎఫ్ఎస్‌సీకే కమాండుని చిన్న ఎఫ్, పెద్ద డీ ఆప్షన్లతో నడిపినా పట్టీ సర్దుకుంటుంది, కానీ బ్యాకప్ లేకుండా ఆ జోలికి పోకండి.

సర్వర్ మీద ఎల్ఎస్ కొట్టినా కదలదు

అది పేర్లన్నీ చదివి, వరసలో పెట్టాకే చూపిస్తుంది. చిన్న ఎఫ్ ఆప్షన్ ఇస్తే వరస గొడవ ఉండదు.

జాగా ఉన్నా డిస్కు నిండిందంటోంది

డిస్కులో జాగా చూపే డీఎఫ్ కమాండుకి ఐ ఆప్షన్ ఇచ్చి చూడండి. ఐనోడ్లు (ఫైలుకొకటి చొప్పున డిస్కులో ఉండే నమోదు చీట్లు) నూరు శాతం అయిపోయి ఉంటాయి. లక్షల్లో పేరుకున్న థంబ్‌నెయిళ్లను తీసేయడమే మందు.

ఆ స్టూడియోలో ఇప్పుడు ఏడాదికొక ఫోల్డర్, అందులో ఫంక్షన్‌కొకటి. పాత కంప్యూటరే నడుస్తోంది.